ఆరు నుంచి ఎనిమిదో తరగతి ఈడు పిల్లలకి పాత కథలతో రాత నేర్పడం ఎట్టా?

కావలి అమ్మ

అందరికీ నమస్తే. మాది కావలి. పాపకి పదకొండు నిండాయి, బాబుకి పదమూడు. ఇద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నాం. లెక్కలు, సైన్సు గాడిలో పడ్డాయి. తెలుగు చదవడం కూడా బాగానే చదువుతారు. రాయమంటేనే కష్టంగా ఉంది. "వర్షాకాలం గురించి రాయి" అంటే నాలుగు వాక్యాలు వస్తాయి, అవి కూడా ఎక్కడో గైడులో చూసి రాసినట్టుంటాయి. అదే పిల్ల రాత్రిపూట వాళ్ళ జేజి (నానమ్మ) పక్కన చేరి పగలు జరిగిందంతా చెప్పేటప్పుడు గుక్క తిప్పుకోదు. ఆ చెప్పే ఒడుపు కాగితం మీదికి రావడం లేదు.

పంచతంత్రం, బేతాళ కథలు, పేదరాశి పెద్దమ్మ కథలు పెట్టుకుని రాత నేర్పితే బాగుంటుందని ఒకరు చెప్పారు. అట్టా నేర్పుతున్నవాళ్ళు ఇక్కడ ఉంటే, ఏ కథతో మొదలుపెట్టారో, ఏం రాయించారో కాస్త వివరంగా చెప్పండి. "కథ చదివించి నీతి రాయించండి" అనేది మాత్రం మేం చూశాం. దానివల్ల ఏమీ రాలేదు.

ఒంగోలు తెలుగు మాస్టారు

అమ్మా, నీతి రాయించడం దగ్గర మీరు ఆగడం మంచిదే అయింది. "ఐకమత్యమే బలం" అని రాసిన పిల్లవాడు ఒక్క వాక్యం కూడా సొంతంగా కట్టినట్టు కాదు.

వర్షాకాలం గురించి రాయమన్నప్పుడు పిల్ల నెత్తిన రెండు పనులు పడతాయి. ఏం చెప్పాలో వెతుక్కోవాలి, ఎట్టా చెప్పాలో కూడా వెతుక్కోవాలి. రెండూ ఒక్కసారి అంటే పెద్దవాళ్ళకే చేతకాదు. తెలిసిన కథ ఇస్తే మొదటి బరువు దిగిపోతుంది. కుందేలు సింహాన్ని బావి దగ్గరికి తీసుకుపోతుందని అందరికీ తెలుసు. ఇక పిల్ల బుద్ధి అంతా ఆ దారిలో అవి ఏం మాట్లాడుకున్నాయి, సింహం నీళ్ళలోకి తొంగిచూసినప్పుడు ఏం కనపడింది అనే దాని మీదే ఉంటుంది. రాత నేర్చుకునేది అక్కడే.

ఇది మన పక్కనే కాదు, చాలా దేశాల్లో పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. మొదటి శతాబ్దంలో రోమ్‌లో పాఠాలు చెప్పిన క్వింటిలియన్, ఈసప్ కథల్ని పిల్లలు ముందు నోటితో తేట మాటల్లో చెప్పాలి, తర్వాత అంతే తేటగా రాయాలి అన్నాడు. ఆ పైన ఉన్నదాన్ని కుదించడం, పెంచడం నేర్పమన్నాడు. ఆ వరసలో "నోటితో" అన్నది ముందుంది చూడండి. మీ పాప జేజికి చెప్పే ఒడుపు ఉందన్నారు కదా, పునాది పడ్డట్టే. ఆమె చేత కథ చెప్పించండి. చెప్పిన వెంటనే, ఆ మాటలు చెవిలో ఉండగానే రాయించండి.

మైపాడు రోడ్డు

మాస్టారు చెప్పింది నిజం అక్కా. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అనే ఆవిడ కూడా ఇట్టాగే, ఒకసారి చదివి వినిపించి, విన్నది పిల్లల చేత తిరిగి చెప్పించేది. పదేళ్ళు దాకా ఎక్కువగా నోటితోనే, ఆ తర్వాతే రాతలోకి. మా ఇంట్లో అదే చేస్తున్నాం. ఫోనులో రికార్డు చేసి, వాళ్ళ గొంతు వాళ్ళే విని రాసుకుంటారు. మా అబ్బాయికి ఇది బాగా కుదిరింది, ఎందుకంటే వాడు చేత్తో రాసే వేగం చాలా తక్కువ, రాసేలోపల చెప్పాలనుకున్నది మర్చిపోతాడు.

పొదిలి నాన్న

నాకు ఒక అనుమానం. ఐదారేళ్ళ పిల్లలకైతే సరే. మా వాడికి పదమూడు. "కాకి, నక్క కథలు నాకెందుకు నాయనా, నేను చిన్నపిల్లోడినా" అంటాడు. అదీగాక రేపు పదో తరగతి పరీక్షలో లేఖ, వ్యాసం, కారణాలు రాయమంటారు గానీ కథ రాయమనరు కదా. ఈ కథలతో రెండేళ్ళు గడిపితే ఆ పని వెనకబడదా?

ఒంగోలు తెలుగు మాస్టారు

అడగాల్సిన మాట అడిగారు. కథ చిన్నపిల్లలదే కావచ్చు, దాని మీద ఇచ్చే పని మాత్రం వయసుకి తగ్గట్టు ఉండాలి.

ఏడు చేపల కథనే తీసుకోండి. అంతకన్నా చిన్నపిల్లల కథ లేదు. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెస్తారు, ఎండబెడతారు, ఒకటి ఎండదు. గడ్డిమేటు అడ్డం వచ్చింది. ఆవు మేయలేదు. గొల్లవాడు ఆవుని మేపలేదు. అవ్వ వాడికి బువ్వ పెట్టలేదు. పిల్లవాడు ఏడ్చాడు. చీమ కుట్టింది. చీమని అడిగితే "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా" అంటుంది.

ఇందులో ఉన్నది అచ్చంగా కారణం, ఫలితం. ఏడో తరగతి ఈడు వాడికి ఇది ఇచ్చి, "నువ్వు రాజుగారు పంపిన విచారణాధికారివి. చేప ఎండకపోవడానికి కారణం ఏమిటో ఒక పేజీలో నివేదిక రాయి. తప్పు ఎవరిదో తేల్చు" అనండి. చీమది తప్పా? పుట్టలో వేలు పెట్టిన పిల్లవాడిదా? వాణ్ణి ఒంటరిగా వదిలిన అవ్వదా? ఆకలితో ఉన్నంత మాత్రాన ఆవుని కట్టెయ్యొచ్చా? పిల్లలు దీని మీద గట్టిగా వాదులాడతారు. ఆ వాదనే కారణాలు చెప్పే వ్యాసం. మీరు పరీక్షలో అడుగుతారన్నది అదే.

రెండో పని: అదే కథని చీమ నుంచి మొదలుపెట్టి చేప దాకా చెప్పమనండి. ముందు మొదటి వరసలో చదివించి, తర్వాత ఈ వరసలో చదివించండి. మొదటి దాంట్లో వినేవాడికి "ఎందుకు?" అనే ఆత్రం ఉంటుంది. రెండో దాంట్లో "ఇది ఎక్కడిదాకా పోతుంది?" అనే ఆత్రం ఉంటుంది. సమాచారం ఒకటే, వరస మారితే చదివేవాడి మనసు మారుతుంది. నేను బడిలో చెప్పినన్నాళ్ళూ ఈ సంగతి ఏ పాఠంతోనూ ఇంత తొందరగా పిల్లలకి ఎక్కించలేకపోయాను.

కనిగిరి ఇంటి బడి

పొదిలి అన్నా, వయసు గురించి మీ బాబు అన్న మాట మా దగ్గర కూడా విన్నాం. మేం నాలుగు కుటుంబాల పిల్లల్ని ఆదివారం ఒకచోట కూర్చోబెడతాం. వాళ్ళ కోసం కోర్టు పెట్టాం.

పిల్లి కథ మీకు తెలిసే ఉంటుంది. నలుగురు పత్తి వర్తకులు ఎలకల బాధకి ఒక పిల్లిని పెంచుతారు. తలా ఒక కాలు పంచుకుంటారు. ఒకడి వంతు కాలికి దెబ్బ తగిలితే వాడు నూనెగుడ్డ చుడతాడు. దానికి దీపం అంటుకుని, పిల్లి బెదిరి పత్తి మీద పడి, కొట్టు మొత్తం తగలబడుతుంది. మిగతా ముగ్గురూ నష్టం కట్టమని నాలుగోవాడి మీద ఫిర్యాదు చేస్తారు. మర్యాద రామన్న దగ్గరికి పోతుంది తగువు.

పిల్లలకి తీర్పు చెప్పకుండా అక్కడ ఆపాం. ముగ్గురికి ఫిర్యాదు రాసే పని, ఒకరికి జవాబు రాసే పని, ఇద్దరికి తీర్పు రాసే పని. ఫిర్యాదులో ఊరికే "మాకు అన్యాయం జరిగింది" అని రాస్తే తీర్పు రాసేవాళ్ళు ఒప్పుకోరు. ఏ రోజు, ఎంత పత్తి, గుడ్డ ఎవరు కట్టారు, చూసినవాళ్ళెవరు అని అడుగుతారు. దాంతో వాళ్ళే వివరాలు రాయడం మొదలుపెట్టారు. నాలుగోవాడి తరఫున రాసిన అమ్మాయి "దెబ్బ తగిలిన కాలికి వైద్యం చేయడం నా ధర్మం, చెయ్యకపోతే ఎలకలు పత్తి కొరికినప్పుడు మీరే నన్ను అడిగేవాళ్ళు" అని రాసింది. ఆ మాట మాకెవరికీ తట్టలేదు. చివర్లో రామన్న తీర్పు చెప్పాం: కుంటికాలు నడవలేదు, పిల్లిని పత్తి మీదికి మోసుకుపోయినవి బాగున్న మూడు కాళ్ళు, కాబట్టి ఆ ముగ్గురే నాలుగోవాడికి నష్టం కట్టాలి. తీర్పు రాసిన ఇద్దరూ దీన్ని ఒప్పుకోలేదు! ఎందుకు ఒప్పుకోవడం లేదో ఇంకో పేజీ రాశారు.

బేతాళ కథలు కూడా ఇందుకే పనికొస్తాయి. ఇరవై అయిదు కథల్లో ప్రతి కథ చివరా ఒక ప్రశ్న. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం చెట్టెక్కుతుంది. ప్రశ్న దగ్గర పుస్తకం మూసేసి "నువ్వు విక్రమార్కుడివి, రెండు కారణాలతో జవాబు చెప్పు" అంటే చాలు.

మైపాడు రోడ్డు

వాక్యాల గురించి ఒక మాట. మా పిల్లల రాతలో అన్నిటికన్నా విసుగు పుట్టించింది "తర్వాత". "రాజకుమారులు వేటకి వెళ్ళారు. తర్వాత చేపలు పట్టారు. తర్వాత ఇంటికి తెచ్చారు. తర్వాత ఎండబెట్టారు." ఏ కథ ఇచ్చినా ఇదే. ఎర్ర పెన్సిలుతో "తర్వాత"లన్నీ చుట్టి, మళ్ళీ రాయమన్నాను. ఒక్క "తర్వాత" కూడా ఉండకూడదని షరతు. "రాజకుమారులు వేటకి వెళ్ళి, చేపలు పట్టి, ఇంటికి తెచ్చి ఎండబెట్టారు" అని వచ్చింది. అందరూ బడిలో క్త్వార్థకం అని బట్టీ పట్టేది ఇదే కదా, ఇక్కడ అవసరమై వచ్చింది కాబట్టి గుర్తుండిపోయింది.

అయితే అది రుచి మరిగాక పేజీ మొత్తం ఒకే వాక్యం అయింది. వెళ్ళి, చూసి, తీసి, పట్టి, తెచ్చి... మాస్టారూ, ఎక్కడ ఆపాలో ఎట్టా చెప్పాలి?

ఒంగోలు తెలుగు మాస్టారు

గట్టిగా చదివించమ్మా. ఊపిరి ఆగిన చోట వాక్యం ఆగాలి. ఇంకో సంగతి, కథలో ముఖ్యమైన పని జరిగే చోట చిన్న వాక్యం పెట్టమనాలి. దారి పొడుగునా "వెళ్ళి, చూసి" అని సాగనిచ్చి, సింహం దూకే చోట "సింహం దూకింది" అని ఆపితే ఆ రెండు మాటలకి బలం వస్తుంది.

కర్త సంగతి కూడా అక్కడే చెప్పేయండి. "అవ్వ బువ్వ పెట్టి గొల్లవాడు ఆవుని తోలాడు" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. పెట్టింది ఒకరు, తోలింది ఇంకొకరు. "అవ్వ బువ్వ పెడితే గొల్లవాడు ఆవుని తోలాడు" అని చేదర్థకం వేస్తే కుదిరింది. మరి "వాన కురిసి చెరువు నిండింది" ఎందుకు బాగుంది, అక్కడా కర్తలు ఇద్దరే కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. వాన కురవడమే చెరువు నిండటానికి కారణం, ఆ లంకె ఉన్నప్పుడు మన భాష ఒప్పుకుంటుంది. ఏడు చేపల కథలో ప్రతి మెట్టు దగ్గరా ఈ రెండిట్లో ఏది పడుతుందో పిల్లల చేత అనిపించి చూడండి.

పెన్న గట్టు

నెల్లూరు వాడిని. పంచతంత్రం బాగుంది, బేతాళుడు బాగున్నాడు, కానీ మన నేల మీద జరిగిన కథ ఒకటి ఉండగా ఎవరూ ఎత్తలేదేంది? కాటమరాజు కథ.

కరువు వస్తే గొల్లలు ఆవుల మందల్ని తోలుకుని మేత కోసం నెల్లూరు సీమకి వచ్చారు. ఇక్కడ రాజు నల్లసిద్ధి. మేతకి పుల్లరి, అంటే మేత పన్ను, కట్టే ఒప్పందం. ఆ పుల్లరి దగ్గరే తగువు పెరిగి, పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాడులో యుద్ధం దాకా పోయింది. నెల్లూరు పక్షాన ఖడ్గతిక్కన దిగాడు. మన తిక్కన సోమయాజి కుటుంబంవాడే. ఈ కథని తరతరాలుగా పాడుతూ వచ్చారు.

రాత నేర్పడానికి ఇందులో నేను వాడేది ఒక్క ఘట్టం. ఖడ్గతిక్కన ఒకసారి యుద్ధం నుంచి వెనక్కి తిరిగి ఇంటికి వస్తాడు. పెళ్ళాం తిట్టదు. స్నానానికి నీళ్ళు తోడి, ఆడవాళ్ళకి పెట్టినట్టు మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్ద ఉంచుతుంది. అన్నానికి కూర్చుంటే తల్లి విరిగిన పాలు పోస్తుంది. ఆయన మళ్ళీ యుద్ధానికి పోయి అక్కడే ప్రాణం వదులుతాడు.

పిలకాయలకి ఈ కథ చెప్పి, "భార్యకి కోపం వచ్చింది, తల్లికి సిగ్గేసింది అనే మాటలు రాయకుండా ఈ ఇంట్లో జరిగింది రాయండి" అన్నాను. కోపం, సిగ్గు, బాధ, అవమానం, ఈ నాలుగు మాటలూ నిషేధం. కనపడేవి, వినపడేవి మాత్రమే రాయాలి. ముందు అందరూ తెల్లముఖం వేశారు. తర్వాత ఒక అమ్మాయి రాసింది: "ఆయన పసుపు ముద్దని చూశాడు. పెరట్లో ఎవరూ లేరు. నీళ్ళు చల్లారిపోతున్నాయి." అంతే, ఆ పిల్ల అంతకు మించి ఏమీ రాయలేదు. అంతకు మించి అక్కర్లేదు కూడా. "ఆయన చాలా సిగ్గుపడ్డాడు" అని రాసిన ఇంకో పిల్లవాడు అది విని, తనది కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాడు. నేను చెప్పి కొట్టించలేదు.

దీనికి ఇంకో లాభం ఉంది. తగువులో రెండు పక్షాలున్నాయి. ఒకరు కాటమరాజు తరఫున పుల్లరి ఎందుకు కట్టమో జాబు రాయాలి, ఒకరు నల్లసిద్ధి తరఫున ఎందుకు కట్టాలో జవాబు రాయాలి. పొదిలి అన్న అడిగిన లేఖ ఇదే. అన్నా, మీ బాబుకి ఈ కథ చిన్నపిల్లలదని అనిపించదు.

పొదిలి నాన్న

కాటమరాజు కథ మా తాత నోట విన్నాను, ఇంత వివరంగా వినలేదు. ఇవాళే చెబుతాను.

ముంగిస కథ మీద మాస్టారు చెప్పిన వరస మార్చే పని మా వాడితో చేయించాను. మామూలుగా కథలో ముందు పాము వస్తుంది, ముంగిస దాన్ని చంపుతుంది, తర్వాత తల్లి వచ్చి నెత్తురు చూస్తుంది. పాము సంగతి చివరిదాకా దాచిపెట్టి రాయమన్నాను. వాడు రాసింది ఇది, అక్షరం మార్చలేదు:

"గుమ్మంలో ముంగిస ఎదురొచ్చింది. దాని మూతికి నెత్తురు. ఆమె చేతిలో నీళ్ళ బిందె ఉంది. లోపల ఉయ్యాల ఊగడం లేదు."

చదివి నేనే కాసేపు మాట్లాడలేకపోయాను. "చిన్నపిల్లల కథ" అన్న మాట మళ్ళీ వాడి నోట రాలేదు. పాము ముందే తెలిస్తే చదివేవాడు ముంగిస కోసం భయపడతాడు, తెలియకపోతే బిడ్డ కోసం భయపడతాడు అని వాడే చెప్పాడు.

కావలి అమ్మ

ఇన్ని సంగతులు చెప్పినందుకు అందరికీ దండాలు. మాస్టారూ, భాష గురించి అడగాలి. మా పిల్లలు "యాడికి పోతాండావు", "ఎట్టుండావు" అనే మాట్లాడతారు. అది రాస్తే తప్పు అని దిద్దాలా? ఇంకొకరు చిన్నయసూరి నీతిచంద్రిక చదివిస్తేనే మంచి తెలుగు వస్తుందన్నారు. తెరిచి చూస్తే నాకే సగం అర్థం కాలేదు.

ఒంగోలు తెలుగు మాస్టారు

నీతిచంద్రిక 1853 నాటిది. పంచతంత్రం భాగాల్లో మిత్రలాభం, మిత్రభేదం అనే రెండిటినీ చిన్నయసూరి రాశారు. సంధి, విగ్రహం తర్వాత వీరేశలింగం గారు రాశారు. ఆ వచనం చదవతగ్గదే, కానీ మీ పిల్లలు అట్టా రాయాలని కాదు. నేనైతే ఒక్క పేరా గట్టిగా చదివి వినిపిస్తాను, అర్థం చెబుతాను, పుస్తకం మూసి "ఇదే మీ జేజికి చెప్పినట్టు రాయండి" అంటాను. పాత మాట నుంచి తమ మాటలోకి తెచ్చుకునేటప్పుడు ప్రతి మాటా ఎందుకుందో పిల్లలకి తెలుస్తుంది.

ఇక మీ ఇంటి మాట. కథ చెప్పే వాక్యాలు అందరికీ అర్థమయ్యే వాడుక తెలుగులో, పాత్రలు మాట్లాడే మాటలు ఎవరిది వారి యాసలో. ఈ ఒక్క కట్టడి చాలు. గొల్లవాడు "అవ్వ బువ్వ పెట్టలా" అనొచ్చు, రాయనివ్వండి. వాడుక భాషకి రాతలో చోటు కావాలని గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. నెల్లూరు యాస తప్పని పిల్లల చేత అనిపించడం ఆ పోరాటానికి అపచారం. పైగా దీనితోనే ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం తేడా వచ్చేస్తుంది. కొటేషన్ గుర్తుల మధ్య గొల్లవాడి మాట, "అని" పెట్టి చెప్పేటప్పుడు మీ మాట.

తిక్కన గారి గురించి ఒక్క ముక్క. భారతంలో విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాసిన మనిషి, కథని ఎక్కువగా పాత్రల మాటలతోనే నడిపించారు. ఎవరి మాట విన్నా ఎవరిదో తెలిసిపోతుంది. పిల్లలకి ఆ పద్యాలు ఇప్పుడే అక్కర్లేదు, ఆ పద్ధతి మాత్రం చెప్పొచ్చు. మీ పిల్లలు రాసిన సంభాషణలో పేర్లు తీసేసి చదవండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలిస్తే బాగా రాసినట్టే.

దర్గామిట్ట అమ్మీ

మా పిల్లలకి పుస్తకం కథల కన్నా మనుషుల దగ్గర కథలు సేకరించడం ఎక్కువ నచ్చింది. మా ఇల్లు బారాషహీద్ దర్గాకి దగ్గర. మొహర్రంలో రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువు దగ్గరికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. కోరిక ఉన్నవాళ్ళు రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె ఇట్టా.

రొట్టె పంచుకోవడం ఎట్టా మొదలైందని మా అమ్మాయి మా అత్తగారిని, పక్కింటి తాతని, కూరగాయలమ్మే ఆవిడని అడిగింది. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. మూడూ విడివిడిగా, వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాసుకుంది. ఏవి మూడింట్లోనూ ఉన్నాయి, ఏవి ఒక్కరే చెప్పారు అని పక్కపక్కన పెట్టుకుని, చివరికి తన మాటల్లో ఒక పేజీ రాసింది. "తాత ఇట్టా చెప్పారు, జేజి మాత్రం ఇట్టా అంటుంది" అని ఎవరు చెప్పింది వారి పేరు మీదే పెట్టింది. ఇది నేను నేర్పలేదు, ముగ్గురివీ కలిపేస్తే జేజికి కోపం వస్తుందని తనే అట్టా రాసింది.

కథ చెప్పే పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడే ఈ పని చేయించండి అక్కా.

కనిగిరి ఇంటి బడి

దర్గామిట్ట అక్కా, ఇది మేం తప్పకుండా చేస్తాం.

పెద్ద పిల్లలకి ఇంకొకటి. దండి సంస్కృతంలో రాసిన దశకుమార చరిత్రలో కుమారులు ఎవరి కథ వాళ్ళే చెప్పుకుంటారు. దాన్ని తెలుగు చేసిన కేతన తన కావ్యాన్ని తిక్కన గారికే అంకితం ఇచ్చాడు కాబట్టి నెల్లూరుకి చుట్టం లాంటిదే. దండి కథలో మంత్రగుప్తుడికి పెదవి గాయమై ఉంటుంది, అందుకని పెదవులు తగిలే హల్లులు లేకుండా కథంతా చెబుతాడు. మా పిల్లలకి ప, ఫ, బ, భ, మ లేకుండా నాలుగు వాక్యాలు రాయమన్నాం. ఒకబ్బాయి రాసింది: "రాజు లేచి ఏటి ఒడ్డుకి నడిచాడు. అక్కడ ఎవరూ లేరు. కాళ్ళు కడిగి చెట్టు కింద ఒరిగాడు. ఎండ తగ్గిందాకా కదల్లేదు."

"పడుకున్నాడు" అని రాయలేడు కాబట్టి "ఒరిగాడు" వెతుక్కున్నాడు. నోటికొచ్చిన మొదటి మాట పెట్టేసే పిల్లలకి దీని కన్నా మంచి పని నేను చూడలేదు.

మైపాడు రోడ్డు

మా వాడు రెండు గంటల నుంచి ఇదే పని మీద ఉన్నాడు. "అమ్మ" రాయలేను, "నాన్న" రాయొచ్చు అని వాళ్ళ నాన్నకి చెప్పొచ్చాడు.

పొదిలి నాన్న

ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఇంట్లో చదివే పిల్లలకి ఎనిమిదో తరగతి పాసైనట్టు సర్టిఫికెట్ ఎట్టా వస్తుంది?

కనిగిరి ఇంటి బడి

జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అదే ఎన్ఐఓఎస్, ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ అని పెట్టింది. ఎ, బి, సి అని మూడు స్థాయిలు. ఎ మూడో తరగతికి, బి ఐదుకి, సి ఎనిమిదికి సమానం. పద్నాలుగు నిండితే పదో తరగతికి సమానమైన సెకండరీ రాయొచ్చు. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్లో కూడా పదికి పద్నాలుగే. నమోదు తేదీలు, రుసుములు వాళ్ళ వెబ్‌సైటులో చూసుకోండి, ఏటా మారుతుంటాయి.

కావలి అమ్మ

మేం మొదలుపెట్టాం. మిత్రభేదం తీసుకున్నాం. సంజీవకుడనే ఎద్దు బురదలో కూరుకుపోతే యజమాని వదిలేసి పోతాడు. అది కోలుకుని అడవిలో రంకె వేస్తే, నీళ్ళు తాగడానికి వచ్చిన పింగళకుడనే సింహం బెదిరి ఆగిపోతుంది. సింహం ఎద్దుని చూడలేదు, చప్పుడు మాత్రమే విన్నది. కాబట్టి చెవికి వినపడేవి తప్ప ఏమీ రాయకూడదని పాపకి చెప్పాను. ఆమె రాసింది:

"నీళ్ళలో నాలుక పెట్టగానే అది వినపడింది. ఉరుము కాదు. ఉరుము పైనుంచి వస్తుంది, ఇది నేలలోంచి వచ్చింది. కాళ్ళ కింద గులకరాళ్ళు కదిలాయి. పిట్టలు ఆగిపోయాయి. పింగళకుడు నీళ్ళు తాగలేదు."

గైడు వాక్యం ఒక్కటి లేదు. బాబు ఎద్దు వైపు నుంచి రాస్తానన్నాడు. ఒంగోలు గిత్తని దగ్గర్నుంచి చూడాలంట, మూపురం, గంగడోలు, కొమ్ములు చూసి రాస్తాడంట. మా ఆడపడుచు వాళ్ళ ఊళ్ళో ఒక జత ఉంది, ఆదివారం తీసుకెళుతున్నాం.

ఒకటే బెంగ. పాప రాతలో ఒత్తులు, దీర్ఘాలు తప్పులున్నాయి. ఇక్కడ నేను దిద్ది పెట్టాను. ఆమె కాగితం మీద దిద్దాలా వద్దా?

ఒంగోలు తెలుగు మాస్టారు

"ఉరుము పైనుంచి వస్తుంది, ఇది నేలలోంచి వచ్చింది." ఆ వాక్యం ఆమెకి చదివి వినిపించి, ఎందుకు బాగుందో చెప్పండి. ముందు ఆ పని చెయ్యండి. ఆ రోజుకి ఎర్ర సిరా ముట్టుకోవద్దు.

మర్నాడు ఒక్క రకం తప్పే తీసుకోండి. ఒత్తులైతే ఒత్తులే. ఆమె చేతే వెతికించండి, "ఈ పేజీలో ఒత్తు పోయిన చోట్లు ఉన్నాయి, చూడు" అని. మార్కాపురం రాతిపలక దొరికితే దాని మీద ఆ మాటలు రాయించి, చెరిపి, మళ్ళీ రాయించండి. తప్పు పలక మీద నిలవదు, కాగితం మీద నిలిచిపోతుంది. మూడో నాడు తప్పుల్లేకుండా శుభ్రప్రతి రాసుకుని, తేదీ వేసి దాచుకోమనండి. రెండో రకం తప్పు తర్వాతి కథలో చూసుకోవచ్చు.

పెన్న గట్టు

కావలి అక్కా, బాబు రాసింది కూడా ఇక్కడ పెట్టండి. తర్వాత కరటకుడు, దమనకుడు అనే నక్కల ఘట్టం వదలొద్దు. దమనకుడు ఎద్దు దగ్గర ఒక మాట, సింహం దగ్గర ఒక మాట చెప్పి ఇద్దరి మధ్యా చిచ్చు పెడతాడు. పాప చేత ఒక జాబు, బాబు చేత ఒక జాబు రాయించి, ఇద్దరూ మార్చుకుని చదివి, అబద్ధం ఎక్కడుందో పట్టుకోవాలి.

కావలి అమ్మ

అట్టాగే అన్నా. సింహానికి రాసే జాబు తనకే కావాలని పాప ఇప్పుడే అడిగింది.